చార్లెస్ కొరియాను ఎలా చదవాలి? ఫోటోల్లో మామూలుగా కనిపించే ఆ భవనాల్లో ఏముంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో ఉంటున్నారు, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నారు. కేస్ స్టడీకి చార్లెస్ కొరియా పేరు వచ్చింది. నెట్‌లో వెతికితే ఇటుక గోడలు, కాంక్రీటు, మెట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. పక్క గ్రూపుకు వంపుల భవనాలకు పేరుపడ్డ ఆర్కిటెక్టు జాహా హదీద్ వచ్చింది, వాళ్ల డ్రాయింగ్ షీట్లు అదిరిపోతున్నాయి, మీకు టెన్షన్‌గా ఉంది. కొరియా గొప్పతనం ఎక్కడుంది, ఏ భవనాలు తీసుకోవాలి, ఇంటింటికీ ఏసీ వచ్చాక ఆయన పద్ధతి ఇంకా పనికొస్తుందా అని అడిగారు.

పనికొస్తుంది. మన ఎండలకైతే ఆయనంత పనికొచ్చే ఆర్కిటెక్టులు తక్కువ. కాకపోతే ఆయన్ని ఫోటోల్లో వెతకకండి. కొరియా పనితనం సెక్షన్‌లో ఉంది. భవనాన్ని నిలువునా కోసి చూపించే ఆ డ్రాయింగ్ ముందు పెట్టుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి. గాలి ఎక్కడ లోపలికి వచ్చి ఎక్కడ బయటికి పోతోంది? మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మనిషి ఇందులో ఎక్కడుంటాడు, రాత్రి పదింటికి ఎక్కడుంటాడు? ఈ రెండింటికీ ఆయన గీతల్లో జవాబు దొరుకుతుంది. చాలామంది డ్రాయింగుల్లో దొరకదు.

నేను చాలాకాలంగా హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను, ఒక కాలేజీలో స్టూడియో (డిజైన్ క్లాసు) కూడా చెప్తుంటాను. అందుకని నా పనిలో ఆయన ఎక్కడెక్కడ అక్కరకొచ్చారో కూడా కలిపి రాస్తాను.

జీవితం సంగతి త్వరగా చెప్పేస్తాను, షీటు మీద దానికి ఎక్కువ చోటు ఇవ్వొద్దు. కొరియా 1930 సెప్టెంబర్ 1న సికింద్రాబాద్‌లో పుట్టారు. గోవా మూలాలున్న క్యాథలిక్ కుటుంబం. బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో కొంత చదివి 1949లో అమెరికా వెళ్లారు. మిషిగన్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ డిగ్రీ, తర్వాత 1955 వరకు ఎంఐటీలో మాస్టర్స్. అక్కడ ఆయనకు పాఠాలు చెప్పినవాళ్లలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఒకరు. తిరిగొచ్చి 1958లో బొంబాయిలో సొంత ఆఫీసు పెట్టారు. 2015 జూన్ 16న అదే నగరంలో కన్నుమూశారు. పుట్టుక మన దగ్గరే అయినా మనిషి పూర్తిగా బొంబాయివాడు. మనం గర్వంగా చెప్పుకోవడానికి ఇక్కడ ఉన్నవాటిలో ఒకటి హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కార్యాలయ భవనం. దాని గురించి కింద రాస్తాను.

ఆయన ఆఫీసు తెరిచిన రోజుల్ని మాత్రం కాస్త ఊహించుకోండి. మోడర్నిజానికి పెద్దదిక్కయిన ఆర్కిటెక్టు లె కార్బూజియే చండీగఢ్ కడుతున్నాడు, అహ్మదాబాద్‌లో ఆయన భవనాలు అప్పటికే లేచాయి. కుర్ర ఆర్కిటెక్టులందరి మీదా ఆయన ముద్ర. కొరియా మీద కూడా ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అయితే దేశంలో డబ్బు లేదు. స్టీలు, సిమెంటు కరువు. ఏసీ అంటే సినిమా హాళ్లకు, పెద్ద హోటళ్లకు. కాబట్టి లోపల చల్లగా ఉండాలంటే ఆ పని గోడా పైకప్పే చేయాలి, మధ్యలో వదిలిన ఖాళీ చేయాలి. మోడర్నిజం అంటే గాజు పెట్టె అని పాశ్చాత్య దేశాల్లో స్థిరపడుతున్న సమయంలో, ఈయన అదే మోడర్నిజాన్ని మన ఎండలో నిలబెట్టి పరీక్షించారు. ఫోటోల్లో మీకు ఏమీ కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. ఆయన ఎక్కువగా వాడిన వస్తువు ఆకాశం కింద ఖాళీ. దాన్నే ఆయన ‘ఓపెన్ టు స్కై’ స్పేస్ అనేవారు. ఖాళీ కెమెరాకు చిక్కదు.

మొదట ట్యూబ్ హౌస్ తీసుకోండి. గుజరాత్ హౌసింగ్ బోర్డు పెట్టిన పోటీలో గెలిచి, 1961-62లో అహ్మదాబాద్‌లో కట్టిన చిన్న ఇల్లు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, కూల్చేశారు. డ్రాయింగులు మాత్రం ఉన్నాయి. వెడల్పు 3.6 మీటర్లు, పొడవు దాదాపు 18 మీటర్లు. మన పాత బజారుల్లో ఉండే సన్నటి పొడుగాటి ఇళ్ల కొలతలే ఇంచుమించు. పోటీవాళ్లు అడిగింది మెట్లెక్కే అపార్ట్‌మెంట్లు. కొరియా వాటి బదులు వరస ఇళ్లు గీసి, అంతే జాగాలో అన్ని కుటుంబాలూ పడతాయని, పైగా ఒక్కొక్కరికి ఎక్కువ చోటు వస్తుందని చూపించారు.

ఇప్పుడు సెక్షన్ చూడండి. పైకప్పు రెండు వైపుల నుంచీ వాలుగా లేచి మధ్యలో శిఖరం దగ్గర తెరుచుకుంటుంది. లోపల వేడెక్కిన గాలి ఆ వాలు వెంబడి పాకుతూ పైకి పోయి ఆ సందులోంచి బయటపడుతుంది. అది పోయిన చోటుకి కిందినుంచి కొత్త గాలి వస్తుంది. గుమ్మం పక్కన ఉన్న లూవర్లను (వాలు పలకలను) తిప్పి ఎంత గాలి రావాలో ఇంట్లోవాళ్లే చూసుకోవచ్చు. మధ్యలో చిన్న కోర్ట్‌యార్డ్, దొంగల భయం లేకుండా దానిపైన గళ్ల పందిరిలాంటి పెర్గోలా. లోపల తలుపులు దాదాపు లేవు. మట్టాల తేడాతోనే పడకకూ కూర్చునే చోటుకీ మరుగు కల్పించారు. ఫ్యాను ఖర్చు కూడా బరువైన కుటుంబానికి గీసిన ఇల్లది. ఒక్క గీత అలంకారానికి లేదు.

ఇది కాగితం మీద నమ్మబుద్ధి కాకపోతే మోడల్ చేసి చూడండి. మా స్టూడియోలో పిల్లలతో చేయిస్తుంటాను. మందపాటి అట్టతో 1:20 స్కేలులో ట్యూబ్ హౌస్ సెక్షన్, ఒక పక్క పారదర్శకమైన షీటు. లోపల వేడి కోసం చిన్న బల్బు వెలిగించి, కింది సందు దగ్గర అగరబత్తి పెట్టాలి. పొగ ముందు నేల మీద నెమ్మదిగా జారుతుంది, బల్బు దాటగానే లేచి వాలును పట్టుకుని శిఖరం దాకా పోయి బయటికొస్తుంది. పై సందును వేలితో మూయండి. కాసేపట్లోనే మోడల్ అంతా పొగ నిండిపోతుంది, కింద ఎంత పెద్ద కిటికీ ఉన్నా సరే. ఈ ప్రయోగం చూసిన పిల్లలు తర్వాత కిటికీ గీసే ముందు పైన వెంటిలేటర్ ఎక్కడని వాళ్లకు వాళ్లే అడుగుతారు. మీ డిజైన్లను పరీక్షించే జ్యూరీలో కూడా దీన్ని చూపించండి, కంప్యూటర్‌లో చేసే రెండర్ బొమ్మల కంటే బాగా పనిచేస్తుంది.

దీని తర్వాత పరేఖ్ హౌస్, అహ్మదాబాద్, 1966-68. ట్యూబ్ హౌస్‌లో ఒక సెక్షన్ ఉంటే ఇందులో రెండు ఉన్నాయి. ఒకటి ఎండాకాలం సెక్షన్: కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు, ఎండ తక్కువగా దిగుతుంది. మండే మధ్యాహ్నాల్లో ఇంటిల్లిపాదీ అందులో ఉంటారు. రెండోది చలికాలం సెక్షన్: కింద ఇరుకు, పైకి ఆకాశంలోకి విప్పారుతుంది. చలికాలం పగళ్లూ, ఎండాకాలం సాయంత్రాలూ అందులో గడుస్తాయి. ఎండాకాలం భాగాన్ని మధ్యలో పెట్టి, ఒక పక్క చలికాలం భాగం, మరో పక్క వంటగది, మెట్లు లాంటి సర్వీసు భాగం పెట్టారు. అంటే ఎండ తగిలే పక్కలను వేరే గదులు కాపుకాస్తాయి.

ఇంట్లో మనుషులు పూటను బట్టి, కాలాన్ని బట్టి చోటు మారతారన్నది ఇందులో అసలు విషయం. మన అమ్మమ్మలకు ఇది చెప్పాల్సిన పని లేదు. పొద్దున అరుగు మీద, మధ్యాహ్నం నడవలో, రాత్రి డాబా మీద. మనం చదువుకున్నాక దాన్ని వదిలేసి ప్రతి గదికీ ఒకే పని అంటగట్టి, ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలని చూస్తున్నాం. కొరియా ఆ కదలికను మళ్లీ ప్లానులోకి తెచ్చారు. ఆయన సేవల్లో నన్ను అడిగితే ఇదే పెద్దది.

గాంధీ స్మారక సంగ్రహాలయం గురించి మీకు ఎవరైనా చెప్పే ఉంటారు, సబర్మతి ఆశ్రమంలో, 1958లో పని మొదలై 1963లో నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైంది. ఈ పని చేతికొచ్చినప్పుడు కొరియాకు ఇంకా ముప్ఫై ఏళ్లు నిండలేదు. 6 మీటర్ల చదరాలు, ఇటుక స్తంభాలు, వాటిపైన పెంకుల గోపురపు కప్పులు. కొన్ని చదరాలకు గోడలున్నాయి, కొన్ని తెరిచే ఉన్నాయి, ఒకచోట నీళ్ల కుండం. గాజు కిటికీ లేదు, చెక్క లూవర్లే. ఇక్కడ మీరు దూలాలను గమనించండి. కాంక్రీటు దూలం పైన కాలువలా ఉంటుంది, రెండు పక్కల కప్పుల నుంచి జారిన వానను అదే మోసుకుపోతుంది. రేపు ఇంకొన్ని చదరాలు కలపాలన్నా ఆ దూలాలే ఆధారం. బరువు మోయడం, నీళ్లు తీయడం, భవనాన్ని పెరగనివ్వడం, మూడూ ఒక్క దూలం పనే. గాంధీ పేరున కట్టేదానికి ఇంతకంటే తగిన పొదుపు ఉండదని నా అభిప్రాయం.

ఎత్తయిన భవనానికి వస్తే ముంబైలో కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్, 1970-83. కంబాలా హిల్ మీద 84 మీటర్ల టవర్, ప్లాను 21 మీటర్ల చదరం, 32 ఫ్లాట్లు. ముంబైలో సముద్రపు గాలి కావాలంటే పడమటికి తెరవాలి. అటే మధ్యాహ్నపు ఎండ, అటే నైరుతి వాన. పాత బంగళాలు దీనికి చుట్టూ వరండా వేసుకునేవి. కొరియా ఆ వరండానే ఆకాశంలోకి తీసుకెళ్లి, టవర్ మూలలను తొలిచి రెండంతస్తుల ఎత్తున్న తోట డాబాలు చేశారు. ఎండా వానా ఆ డాబా దగ్గరే ఆగిపోతాయి, గాలి మాత్రం లోపలికి వస్తుంది. స్ట్రక్చర్ ఇంజనీరు శిరీష్ పటేల్‌ది. మధ్యలో ఉన్న కాంక్రీటు కోర్‌ను స్లిప్‌ఫామ్ పద్ధతిలో, అంటే అచ్చును పైకి జరుపుకుంటూ, ముందే లేపారు, మూలల్లో అంతేసి ఖాళీ వదలడానికి బలం అదే. ఇది డబ్బున్నవాళ్ల భవనం, అందులో అనుమానం లేదు. కానీ ఈ రోజు హైదరాబాద్‌లో లేస్తున్న టవర్లలో నాలుగడుగుల బాల్కనీ, దానికి గాజు రెయిలింగు, పడమటి బెడ్‌రూముకు నేల నుంచి కప్పు దాకా గాజు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నలభై ఏళ్ల కిందటే జవాబు దొరికిన లెక్క అది.

ఇక పేదల ఇళ్లు, నగరం. కొరియాను పూర్తిగా తెలుసుకోవాలంటే ఈ భాగం వదలకూడదు, విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే.

1960ల మధ్యలో కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ ముగ్గురూ కలిసి ఒక ప్రతిపాదన తెచ్చారు. బొంబాయి ఉత్తరానికి సాగుతూ ఊపిరాడక చస్తోంది, హార్బరు అవతల ఒడ్డున కొత్త నగరం తెరవండి అని. 1965లో మార్గ్ పత్రికలో అచ్చయింది. ప్రభుత్వం ఒప్పుకుని 1970లో సిడ్కో అనే సంస్థను పెట్టింది. కొరియా ఆ కొత్త నగరానికి, అంటే నవీ ముంబైకి, చీఫ్ ఆర్కిటెక్టుగా కొన్నేళ్లు పనిచేశారు. కానీ సెక్రటేరియట్ అటు కదలాలన్న మూల సూత్రాన్ని ప్రభుత్వం పాటించలేదు. ఇటు పాత బొంబాయిలోనే నారిమన్ పాయింట్‌లో సముద్రాన్ని పూడ్చి ఆఫీసులు కట్టుకుంటూ పోయారు. ఉద్యోగాలు ఒక ఒడ్డున, ఇళ్లు ఇంకో ఒడ్డున అయ్యాక కొత్త నగరం ఎంత నెమ్మదిగా పెరుగుతుందో ఊహించవచ్చు. మంచి ప్లాను ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని నడిపించే రాజకీయ నిర్ణయం చివరిదాకా నిలబడాలి. రాజధానుల గురించి ఇంత మాట్లాడుకునే మన దగ్గర విద్యార్థులు నవీ ముంబై కథను తప్పక చదవాలి.

అదే నవీ ముంబైలో బేలాపూర్ ఇళ్లు, 1983-86. సుమారు 6 హెక్టార్లలో 550 కుటుంబాలకు. ఏడు ఇళ్లు 8 మీటర్ల చదరపు వాకిలి (ఉమ్మడి కోర్ట్‌యార్డ్) చుట్టూ, అలాంటి మూడు గుంపులు 12 మీటర్ల వాకిలి చుట్టూ, అలా పెరుగుతూ పోతుంది. స్థలాలు 45 నుంచి 75 చదరపు మీటర్ల మధ్యే. ఆదాయాల్లో తేడా అయిదు రెట్లున్నా స్థలాల్లో తేడా రెండింతలు కూడా లేదు. ఏ ఇంటికీ పక్కింటితో ఉమ్మడి గోడ లేదు కాబట్టి ఎవరి వీలును బట్టి వాళ్లు మేస్త్రిని పెట్టుకుని పెంచుకోవచ్చు. మరుగుదొడ్లు మాత్రం పైపు ఖర్చు తగ్గడానికి జంటలుగా పెట్టారు.

ఇప్పుడు వెళ్లి చూస్తే మొదటి పెంకుటిళ్లు చాలా చోట్ల పోయి రెండు, మూడంతస్తుల స్లాబు ఇళ్లు లేచాయి. దీన్ని చూపించి ప్రయోగం విఫలమైందని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇల్లు పెరగాలనే కదా ఆయన గీసింది. ఇళ్లు మారినా మధ్య వాకిళ్లు చాలావరకు నిలిచాయి. పిల్లలు అక్కడే ఆడుతున్నారు, బండ్లు అక్కడే ఆగుతున్నాయి. మీ కేస్ స్టడీకి ఒకే ఒక్క ప్రాజెక్టు ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. అప్పటి డ్రాయింగు, ఇప్పటి రూపం పక్కపక్కన పెడితే చాలు, షీటు దానంతటదే మాట్లాడుతుంది.

ఇప్పుడు మన దగ్గర ఆయన పద్ధతి ఎంత పనికొస్తుందో చెప్తాను.

ఈసీఐఎల్ కార్యాలయం 1965-68 నాటిది. ఆఫీసు భాగాలను నీడపట్టున ఉన్న మధ్య ఖాళీ చుట్టూ అమర్చి, పైన పెర్గోలా వేశారు. హైదరాబాద్ ఎండ పొడి ఎండ, నీడలోకి రాగానే ప్రాణం లేచొస్తుంది. ఆ గుణాన్ని పట్టుకుని కట్టిన ఆఫీసు అది. అణుశక్తి విభాగం కింది సంస్థ కాబట్టి ఎవరు పడితే వాళ్లు లోపలికి వెళ్లలేరు. వెళ్లాలనుకుంటే కాలేజీ లెటర్‌తో చాలా ముందే అడగండి, కుదరకపోతే డ్రాయింగులతో సరిపెట్టుకోండి.

కోర్ట్‌యార్డ్ ప్రతి ఊరికీ ఒకేలా పనిచేయదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. జగిత్యాల వైపు నేను చేసిన ఒక ఇంట్లో పరేఖ్ హౌస్ పాఠం నేరుగా పనికొచ్చింది. పడమటి వైపు మెట్లు, స్టోరు, బాత్రూములు వరసగా పెట్టి ఎండను వాటి మీదికి తోశాం. మధ్య హాలుకు పైన ఎత్తులో వెంటిలేటర్లు, దాని పక్కన ఆకాశానికి తెరిచిన వాకిలి. ఆ ఇంటి పెద్దావిడ ప్లాను చూసి అడిగిన మొదటి ప్రశ్న వడియాలు ఎక్కడ పెట్టాలి, మిరపకాయలు ఎక్కడ ఆరబోయాలి అని. దానికోసం డాబా మెట్లను వంటింటి పక్కకు మార్చాం. ఎండాకాలం రాత్రుళ్లు ఆ డాబా మీదే పడకలు.

అదే ప్లాను కాకినాడలో పెడితే పనిచేయదు. అక్కడ బాధ ఉక్కపోత. రాత్రయినా గాలి అంతగా చల్లబడదు, కాబట్టి వాకిలిలో చల్లదనం నిలవదు. ఒంటికి గాలి తగలాలి. గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో వాకిలి చుట్టూ వసారాలు, ఎదురెదురు ద్వారాలు, బయట అరుగులు ఎందుకున్నాయో చూడండి. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా గాలి అడ్డం లేకుండా పోవాలి. కోస్తాలో కట్టేటప్పుడు నేను ట్యూబ్ హౌస్ కంటే కాంచన్‌జంగా దగ్గరికే ఎక్కువ వెళ్తాను: లోతైన వరండా, ఎదురెదురు కిటికీలు, వాన లోపలికి కొట్టకుండా వెడల్పాటి సజ్జాలు.

ఇక ఆచరణలో వచ్చే తలనొప్పులు. మండువా కావాలని మోజుపడి కట్టించుకుని, ఏడాది తిరక్కుండా పైన పాలికార్బనేట్ షీటు వేయించేవాళ్లను తరచూ చూస్తుంటాను. వానకనీ, కోతులకనీ, దొంగలకనీ. షీటు పడ్డ రోజు నుంచి అది పొయ్యి. వేడి లోపలికి దిగుతుంది, పైకి పోదు. దీనికి ముందే సిద్ధపడాలి. పైన ఇనుప గ్రిల్ లేదా కాంక్రీటు పెర్గోలా డిజైనులోనే ఉండాలి, కొరియా ట్యూబ్ హౌస్‌లో పెట్టినట్టు. దోమల జాలీ పైన వేయకండి, ఆకులూ దుమ్మూ పట్టి గాలి ఆగిపోతుంది. జాలీ గది తలుపులకూ కిటికీలకూ వేయండి. వాకిలి నేల చుట్టూ ఉన్న వసారా కంటే కనీసం ఆరంగుళాలు దిగువన ఉండాలి, నీళ్లు పోవడానికి ఒక దారి మూసుకుపోయినా రెండోది ఉండాలి.

నూట యాభై గజాల స్థలంలో నాలుగు వైపులా నిబంధన ప్రకారం ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలాక మధ్యలో నాలుగడుగుల గుంత తవ్వి దాన్ని కోర్ట్‌యార్డ్ అనకండి. అది డక్ట్, పైపులు పోయే సందు. అంత చిన్న చోట ఓపెన్ టు స్కై కావాలంటే పైకి తీసుకెళ్లండి. మొదటి అంతస్తును కొంత వెనక్కి జరిపి డాబా చేయండి, దానికి వంటగదినో పడకగదినో ఆనించండి.

ఏసీ సంగతి అడిగారు. ఏసీని నేను వద్దనను, కొరియా కూడా ఏసీ భవనాలు చాలానే చేశారు. 2005లో ఎంఐటీలో పూర్తయిన మెదడు పరిశోధన భవనమే చూడండి, బోస్టన్ చలిలో ఆకాశానికి తెరిచిన వాకిలి ఎవరికి కావాలి? మన ఇళ్లలో ఏసీ ఉన్న గదిని చిన్నదిగా, ఎండ తగలని వైపు పెట్టి, మిగతా ఇంటిని సెక్షన్‌తో చల్లబరచండి. ఏసీ నడిచే గంటలు తగ్గుతాయి. కరెంటు పోయిన మే మధ్యాహ్నం ఇంట్లో ఉండగలిగితే ఆ డిజైను నెగ్గినట్టే.

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు. పేరు పెద్దది కదా అని ఆయన చేసినవన్నీ ఒకే మెట్టు మీద పెట్టొద్దు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ దగ్గర 1986లో పూర్తయిన ఎల్ఐసీ జీవన్ భారతిలో ఆయనే పొడవాటి గాజు గోడ పెట్టారు. తన సూత్రాలను తనే ఎందుకు పక్కన పెట్టారో షీటులో ఒక ప్రశ్నగా పెట్టండి, జ్యూరీ మెచ్చుకుంటుంది.

తర్వాతి రోజుల్లో ఆయన మండలాలు (విశ్వాన్ని చూపే పాత రేఖాచిత్రాలు), నవగ్రహాల వైపు వెళ్లారు. జైపూర్ జవహర్ కళా కేంద్రంలో తొమ్మిది చదరాలు, ఒక్కొక్కటి 30 మీటర్లు, ఒక్కో గ్రహానికి ఒకటి. రాజా జైసింగ్ వేసిన పాత జైపూర్ ప్లానులో కొండ అడ్డమొచ్చి ఒక చదరం పక్కకు జరిగినట్టే ఇక్కడా ఒకటి పక్కకు జరుగుతుంది, ప్రవేశం అక్కడే. అందమైన భవనమే, నడుస్తుంటే ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి చేరే తీరు మనసుకు పడుతుంది. కానీ విద్యార్థులు ఆ నడకను వదిలేసి గ్రహాలను పట్టుకుంటారు. బస్టాండుకు కూడా నవగ్రహ ప్లాను గీసుకొచ్చినవాళ్లను జ్యూరీల్లో చూశాను. ఆ దారిలో పోకండి. నడకను నేర్చుకోవాలంటే దీనికంటే భోపాల్ భారత్ భవన్ మేలు, 1982లో ప్రారంభమైంది. పెద్ద చెరువు ఒడ్డున వాలులో ఉంటుంది. పైనుంచి లోపలికి అడుగుపెడితే ఎదురుగా భవనం కనిపించదు, మెట్లూ డాబాలూ చెరువూ కనిపిస్తాయి. దిగుతూ పోతుంటే వాకిళ్ల చుట్టూ గ్యాలరీలు, రంగస్థలం ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. చూడటానికి టికెట్టు పెట్టి వెళ్లదగ్గ చోటు.

మనకు సంబంధించిన ఇంకో ముక్క. కొరియానే గీసిన ఢిల్లీ బ్రిటిష్ కౌన్సిల్ భవనం ముందు గోడ మీద బ్రిటిష్ చిత్రకారుడు హోవార్డ్ హాడ్జ్‌కిన్ చేసిన పెద్ద చెట్టు నీడ లాంటి మ్యూరల్ (గోడ చిత్రం) ఉంది. తెలుపు మక్రానా పాలరాయి, నలుపు మన కడప రాయి. మన వంటింటి గట్లకు వాడే రాయిని అక్కడ చూస్తే సంతోషంగా ఉంటుంది.

పురస్కారాలు ఒక వరసలో రాసేయండి: 1972 పద్మశ్రీ, 1984 బ్రిటన్ రాయల్ గోల్డ్ మెడల్, భోపాల్ విధాన భవన్‌కు 1998 ఆగాఖాన్ అవార్డు, 2006 పద్మవిభూషణ్. రాజీవ్ గాంధీ హయాంలో పట్టణీకరణ జాతీయ కమిషన్‌కు ఛైర్మన్‌గా ఉన్నారన్నది కూడా చేర్చండి, ఆయనకు నగరం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

మీ షీట్లకు నా సలహా ఇది. నాలుగు ప్రాజెక్టులు చాలు: ట్యూబ్ హౌస్, పరేఖ్ హౌస్, కాంచన్‌జంగా, బేలాపూర్. మొదటి మూడింటి సెక్షన్లను ఒకే స్కేలులో మీ చేత్తో మళ్లీ గీయండి, ప్రింటు తీసి అంటించొద్దు. ప్రతి సెక్షన్‌నూ రెండుసార్లు గీయండి, ఒకటి మే మధ్యాహ్నం మూడింటికి, రెండోది రాత్రి పదింటికి. రెండింటిలోనూ మనుషుల్ని, మంచాల్ని, ఎండ పడే మేరను, గాలి బాణాలను గీయండి. తర్వాత మీ సొంత ఇంటి సెక్షన్‌ను అదే స్కేలులో పక్కన పెట్టండి. బేలాపూర్‌కు మాత్రం సెక్షన్ కంటే వాకిళ్ల ప్లాను ముఖ్యం, అప్పటిదీ ఇప్పటిదీ. డ్రాయింగుల కోసం గోవాలోని చార్లెస్ కొరియా ఫౌండేషన్‌ను అడిగి చూడండి. ఆయన డ్రాయింగుల భాండాగారాన్ని లండన్‌లోని బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థకు ఇచ్చారు, మీ లైబ్రరీ ద్వారా అడిగితే అక్కడి నుంచి కూడా కొంత దొరకవచ్చు. గీసిన సెక్షన్లు ఇక్కడ పెడితే చూసి చెప్తాను. విజయవాడలో మీ ఇంటి సెక్షన్ గీసేటప్పుడు పడమర ఎటో, పైన డాబా ఉందో లేదో కూడా రాయండి.